పీటర్ మొనామీ సముద్ర చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పీటర్ మొనామీ ఎవరు?

ఇంగ్లండులోనే పుట్టి, ఓడలనూ సముద్రాన్నీ గీయడమే వృత్తిగా బతికిన తొలితరం చిత్రకారుల్లో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఆయనది. 1681 నుంచి 1749 వరకు జీవించారు. ఆయనకు ముందు ఇంగ్లండులో సముద్ర చిత్రం కావాలంటే డచ్చి చిత్రకారుల దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన తరం గడిచేసరికి లండన్‌లో పుట్టి పెరిగినవాళ్లే ఆ పని చేయడం మొదలుపెట్టారు. కళాచరిత్ర పుస్తకాలు ఆయనకు ఒక పేరా ఇచ్చి, ఆ పేరాలో సగాన్ని వేరే చిత్రకారుడి పొగడ్తకే కేటాయిస్తాయి. అది అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకో కింది జవాబుల్లో చెబుతాను.

ఆయన జెర్సీ దీవిలో పుట్టారని కొన్ని పాత పుస్తకాల్లో ఉంది. నిజమేనా?

కాదు. 18వ శతాబ్దపు రచయిత హొరేస్ వాల్పోల్ అలా రాశారు, తరువాతివాళ్లు దాన్నే ఎత్తి రాసుకుంటూ పోయారు. మొనామీ కుటుంబం మూలాలు ఇంగ్లిష్ చానల్‌లోని గెర్న్‌సీ దీవిలో ఉన్న మాట నిజం. కానీ పీటర్‌కు 1681 జనవరిలో బాప్తిస్మం ఇచ్చింది లండన్‌లో.

ఆయన మరణించిన సంవత్సరం విషయంలోనూ ఇలాంటి తికమకే కనిపిస్తుంది. కొన్ని చోట్ల 1748 అనీ, కొన్ని చోట్ల 1749 అనీ ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండూ సరైనవే. అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆయన పోయింది ఫిబ్రవరి మొదట్లో. ఆనాటి లెక్కలో అది ఇంకా 1748, మన లెక్కలో 1749.

ఆయన చిత్రకళ ఎక్కడ నేర్చుకున్నారు?

ఇళ్లకు రంగులు వేసేవారి దగ్గర. 1696లో, పదిహేనేళ్ల వయసులో, విలియం క్లార్క్ అనే పెయింటర్ దగ్గర ఏడేళ్ల శిష్యరికానికి చేరారు. ఈ క్లార్క్ లండన్ పెయింటర్ల వృత్తి సంఘానికి అంతకుముందు అధిపతిగా పనిచేసినవారు. ఇంటి గోడలు, దుకాణాల బోర్డులు, బండ్ల మీద వంశ చిహ్నాలు, తలుపుల పైభాగాన అమర్చే అలంకార ఫలకాలు, ఇవన్నీ ఆ సంఘం వాళ్ల పనులే.

ఈ వివరాన్ని వాల్పోల్ కాస్త చిన్నచూపుతో చెప్పారు. కళలోని అతి తక్కువ రకం పనికి తల్లిదండ్రులు పిల్లవాణ్ణి అప్పగించారన్నట్టుగా రాశారు. నాకు మాత్రం మొనామీ బలమంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఏడేళ్లపాటు రాతిపలక మీద రంగుపొడిని అవిసె నూనెతో కలిపి గుండ్రాయితో నూరడం, చెక్కకు పూత మీద పూత వేసి ఆరనివ్వడం, వానకూ ఎండకూ తట్టుకునే రంగు ఏదో, నాలుగేళ్లకే వెలిసిపోయేది ఏదో చేతివేళ్లతో తెలుసుకోవడం, ఇది చిన్న చదువు కాదు. ఆయన ఆకాశాలు ఈనాటికీ తేటగా ఉన్నాయంటే ఆ ఏడేళ్ల పుణ్యం కొంత ఉండే ఉంటుంది.

క్లార్క్ దుకాణం లండన్ బ్రిడ్జి మీద ఉండేదని వాల్పోల్ మాట. ఆ రోజుల్లో ఆ వంతెన మీద రెండు వైపులా ఇళ్లూ అంగళ్లూ ఉండేవి. సముద్రం నుంచి థేమ్స్ నదిలోకి వచ్చే పెద్ద ఓడలు ఆ వంతెన దాటి పైకి పోలేవు. అందుకే వంతెనకు తూర్పున నది నిండా ఓడలే, తెరచాపల కొయ్యలు అడవిలా కనిపించేవి. వంతెన కింద కమానులు ఇరుకు. అందుకే సముద్రపు పోటు తగ్గే సమయంలో నీళ్లు వాటిలోంచి మెట్టు దిగినట్టు కిందికి దూకేవి. ఓడలు గీయాలన్న కోరిక పుట్టడానికి లండన్‌లో అంతకు మించిన చోటు ఉండదు. కిటికీ కింది అలలే గురువు నేర్పలేనిది నేర్పాయని వాల్పోల్ కూడా ఒప్పుకున్నారు.

ఆయనకు ముందు ఇంగ్లండులో సముద్ర చిత్రకారులు ఎవరూ లేరా?

ఉన్నారు, కానీ ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్లు. ఐజాక్ సెయిల్‌మేకర్ హాలండు నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డారు. అసలు మలుపు మాత్రం 1672-73 శీతాకాలంలో వచ్చింది. విలియం వాన్ డ వెల్డా అనే పేరున్న తండ్రీకొడుకులు ఆమ్‌స్టర్‌డామ్ విడిచి ఇంగ్లండుకు వచ్చేశారు. రెండో చార్లెస్ రాజు వారిద్దరికీ చెరి 100 పౌండ్ల వార్షిక వేతనం ఏర్పాటు చేశారు. సముద్ర యుద్ధాలను రేఖాచిత్రాలుగా గీయడం తండ్రి పని, వాటికి రంగులు వేయడం కొడుకు పని. గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లో వారి చిత్రశాల ఉండేది.

తండ్రి వాన్ డ వెల్డా గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. చిన్న పడవ ఎక్కి యుద్ధం జరిగే చోటికే వెళ్లి, ఫిరంగుల మధ్య కూర్చుని కాగితం మీద ఓడలను గీసేవారాయన. ఆ కాగితాల్లో పెద్ద భాగం ఇప్పుడు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది.

కొడుకు 1707లో మరణించారు. అప్పటికి మొనామీ సొంతంగా పని మొదలుపెట్టి మూడేళ్లు.

మొనామీ వాన్ డ వెల్డాను అనుకరించినవాడు మాత్రమేనా?

ఎక్కువగా వినిపించే ఆరోపణ ఇదే. ఆయన బతికుండగా, 1731లో అచ్చయిన, ఆయన రూపాన్ని చూపే ముద్రాచిత్రం కిందే లాటిన్‌లో ‘ఓడల, సముద్ర దృశ్యాల చిత్రకారుడు, వాన్ డ వెల్డాకు మాత్రమే ద్వితీయుడు’ అన్న అర్థం వచ్చేలా రాశారు. పొగడ్తగా రాసిన ఆ వాక్యమే తరువాత ఆయన మెడకు చుట్టుకుంది.

ఆయన డచ్చి చిత్రాలను చూసి నేర్చుకున్నారు, కొన్నింటికి నకళ్లూ గీశారు. 1672 సోల్‌బే యుద్ధంలో ‘రాయల్ జేమ్స్’ ఓడ తగలబడే దృశ్యాన్ని వాన్ డ వెల్డా రూపకల్పన ఆధారంగానే వేశారు. ఆ కాలంలో సముద్రాన్ని గీయడం నేర్చుకోవడానికి ఇంకో దారి లేదు. సముద్రాన్ని గీయడం నేర్పే అకాడమీలు లేవు, ప్రదర్శనశాలలు లేవు. ధనికుల ఇళ్లలోనో వ్యాపారుల దుకాణాల్లోనో ఉన్న చిత్రాలను చూసి చేయి తిప్పుకోవడమే చదువు. ఆయన సమకాలికుడు రాబర్ట్ వుడ్‌కాక్ కూడా ఇలాగే వాన్ డ వెల్డా చిత్రాలకు నకళ్లు గీస్తూ నేర్చుకున్నారు. వుడ్‌కాక్ ప్రభుత్వ గుమాస్తా, పైగా వేణువు కోసం కన్సర్టోలనే వాద్యరచనలు చేసిన సంగీతకారుడు.

నేర్చుకున్న తరువాత మొనామీ ఏం చేశారన్నది అసలు ప్రశ్న. ఆయనను ఎరిగిన జార్జ్ వెర్ట్యూ అనే ముద్రాచిత్రకారుడు తన నోటు పుస్తకాల్లో రెండు సంగతులు రాసి పెట్టారు. నీటినీ ఆకాశాన్నీ చూస్తూ ఉండటానికి వీలుగా మొనామీ వెస్ట్‌మినిస్టర్‌లో నది ఒడ్డున కాపురం పెట్టారని, ప్రకృతి నుంచే నేర్చుకోవడానికి తీరప్రాంతాలకూ రేవుపట్టణాలకూ తరచూ తిరిగేవారని ఒకటి. ఆయన చిత్రాలను నావికులు, నౌకాదళ అధికారులు, వర్తకులు ఎక్కువగా ఇష్టపడేవారని రెండోది. ఈ రెండోది నాకు చాలా పెద్ద సర్టిఫికెట్‌గా కనిపిస్తుంది. ఒక తాడు తప్పుగా కట్టినా పట్టేసే కళ్లు అవి. ఓడ మీద ప్రాణం పెట్టి బతికేవాళ్లను ఉత్త నకళ్లతో మెప్పించడం సాధ్యం కాదు.

వాన్ డ వెల్డాలో ఉన్న గాంభీర్యం మొనామీలో లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. డచ్చి చిత్రంలో వెలుగు మబ్బుల్లోంచి దిగి నీళ్ల మీద నడుస్తుంది. మొనామీ చిత్రంలో వెలుగు ఒకచోట నిలబడిపోతుంది. కానీ ఆ నిలకడలోనే ఆయన గొంతు వినిపిస్తుంది. నీళ్లు పలచగా, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా, ఉత్తరపు తీరాల చలిని మోసుకొస్తాయి.

ఆయన చిత్రాన్ని ఎలా చూడాలి? ముందుగా ఏం గమనించాలి?

గాలి లేని సాయంకాలపు చిత్రంతో మొదలుపెట్టండి. ‘సాయంకాలపు ఫిరంగి’ అనే విషయం మీద ఆయన ఒకటికి మించి చిత్రాలు వేశారు. పొద్దు వాలగానే పెద్ద ఓడ మీద ఒక ఫిరంగి పేల్చి రాత్రి కాపలా మొదలైనట్టు చాటే ఆచారం అది.

ఇలాంటి చిత్రంలో ముందు కళ్లు పొగ మీదికి పోతాయి. ఓడ పక్కనుంచి తెల్లని ఉండలా బయటికి వచ్చి, గాలి లేకపోవడంతో చెదరకుండా నీళ్లపైనే ఆగి ఉంటుంది. తరువాత తెరచాపలు చూడండి. విప్పి వదిలేసినట్టు ముడతలుగా వేలాడుతుంటాయి. తెలియనివాళ్లకు అది నిర్లక్ష్యంలా ఉంటుంది. తడిసిన గుడ్డను చుట్టి పెడితే కుళ్లిపోతుంది కాబట్టి ఓడ నిలిచి ఉన్నప్పుడు చాపలను విప్పి ఆరబెట్టేవారు. మొనామీకి ఆ సంగతి తెలుసు, ఆయన చిత్రం కొనే కెప్టెనుకూ తెలుసు. ఆ తరువాత జెండా. గాలి లేదు కదా, కర్రకు అంటుకుని కిందికి జారి ఉండాలి. అలాగే ఉంటుంది. చివరగా ముందువైపు నీళ్లలో చిన్న పడవ, అందులో నలుగురైదుగురు మనుషులు, వారి నీడలు. ఆ పడవ లేకపోతే ఓడ ఎంత పెద్దదో మనకు అందదు.

తుఫాను చిత్రాలకు వచ్చేసరికి పరీక్ష మారుతుంది. లండన్ టేట్ మ్యూజియం సేకరణలో తుఫానులో చిక్కుకున్న ఓడలను చూపే ఆయన చిత్రం ఒకటి ఉంది, సుమారు 1720-30 మధ్యది. అలాంటి చిత్రంలో చూడాల్సింది గాలి దిక్కు. అలల నురగ, చిరిగిన చాపలు, జెండాలు, ఓడ ఒరిగిన వైపు, అన్నీ ఒకే గాలికి లొంగాలి. ఒక్కటి ఎదురు చెప్పినా చిత్రం అబద్ధమైపోతుంది.

నేల మీద బతికేవాళ్లు తేలిగ్గా పొరబడే చోటు ఒకటుంది. గాలి వెనుకనుంచి తోస్తుండగా సాగే ఓడ మీద జెండాలు ఓడ ముందువైపుకే ఎగురుతాయి. కారు మీద జెండా చూసి అలవాటైన మన కంటికి అవి వెనక్కి ఎగరాలనిపిస్తుంది. మొనామీ ఓడల్లో అవి ముందుకే ఎగురుతాయి.

జెండాలను బట్టి కాలం చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. ఇంగ్లండు, స్కాట్లండు 1707లో ఒకటయ్యాయి. అంతకుముందు ఇంగ్లిష్ ఓడ వెనుక ఎగిరే ఎర్ర జెండా మూలలో సెయింట్ జార్జి ఎర్ర శిలువ ఒక్కటే ఉండేది, ఆ తరువాత రెండు శిలువలు కలిసిన యూనియన్ గుర్తు చేరింది. మొనామీ కాలపు యూనియన్ గుర్తులో ఇప్పటి బ్రిటిష్ జెండాలో కనిపించే వాలు ఎర్రగీతలు ఉండవు. అవి ఐర్లండు కలిశాక 1801లో వచ్చాయి. మొనామీది అని చెప్పే చిత్రంలో అవి కనిపిస్తే వెంటనే అనుమానించాలి.

ఎరుపు, తెలుపు, నీలం జెండాలు మూడూ ఒకే నౌకాదళానివే. అప్పట్లో దళాన్ని మూడు విభాగాలు చేసి మూడు రంగులు ఇచ్చేవారు. ఆ పద్ధతి 1864 దాకా సాగింది.

ఓడ ముక్కు కూడా కాలం చెబుతుంది. ముందుకు చాచిన దూలం చివర నిటారుగా ఒక చిన్న కొయ్య, దానికి చిన్న చాప ఉంటే అది పాత పద్ధతి. 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ కొయ్య పోయి త్రికోణపు చాపలు వచ్చాయి. అయితే చిత్రకారుడు తనకన్నా ముందు జరిగిన యుద్ధాన్ని గీస్తుంటే పాత ఓడలనే గీస్తాడు. కాబట్టి ఈ గుర్తు ఓడ కాలాన్ని చెబుతుందే తప్ప చిత్రం వేసిన కాలాన్ని కాదు.

ఆయన యుద్ధాలను కళ్లారా చూసి గీశారా?

ఆయన వేసిన వాటిలో పేరున్న పోర్టోబెల్లో యుద్ధం జరిగింది ఇప్పటి పనామా తీరంలో. 1739 నవంబరులో అడ్మిరల్ వెర్నన్ ఆరే ఆరు ఓడలతో వెళ్లి ఆ స్పానిష్ రేవును పట్టుకున్నారు. వార్త అందగానే ఇంగ్లండు ఊగిపోయింది. లండన్‌లోని పోర్టోబెల్లో రోడ్డు పేరు ఆ సంబరం మిగిల్చిందే. మొనామీ అప్పుడు లండన్‌లోనే ఉన్నారు. వార్తలు, అధికారుల మాటలు, రేవు పటాలు, ఓడల గురించి తనకున్న తెలివిడి, వీటితో దృశ్యాన్ని కట్టుకోవడమే ఆనాటి పద్ధతి.

వాక్స్‌హాల్ గార్డెన్స్ అనే విహార ఉద్యానంలో భోజనాల గదుల అలంకరణకు ఆయన వేసిన సముద్ర చిత్రాల్లో పోర్టోబెల్లో విజయం ఒకటి. అక్కడి మిగతా చిత్రాల్లో ఎక్కువ భాగం ఫ్రాన్సిస్ హేమన్‌వి. టికెట్టు కొనుక్కుని సాయంత్రం సంగీతం వినడానికి వచ్చిన మామూలు జనం దీపాల వెలుగులో ఆ చిత్రాల ముందు కూర్చుని తినేవారు. పోర్టోబెల్లో పేరు పెట్టుకున్న ఒక మద్యశాలకు వెర్నన్ ఓడతో ఆయన బోర్డు కూడా వేశారని పాత లండన్ గురించి రాసినవారు చెప్పారు. పేరు వచ్చాక కూడా బోర్డులు వేయడానికి ఆయన సిగ్గుపడలేదన్నమాట.

హొగార్త్‌కూ ఆయనకూ సంబంధం ఏమిటి?

హొగార్త్ ఆ కాలపు పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు, ఇద్దరికీ పరిచయం ఉండేది. మొనామీ తన సముద్ర చిత్రాన్ని థామస్ వాకర్ అనే సేకర్తకు చూపిస్తున్నట్టు ఒక చిత్రం ఉంది. అందులో మనుషులను విలియం హొగార్త్ వేయగా, ఆ చిత్రంలోని సముద్ర చిత్రాన్ని స్వయంగా మొనామీయే వేశారు. ఇద్దరి కుంచెలూ ఒకే కాన్వాసు మీద ఉన్నాయి.

ఆయన బాగా సంపాదించారా?

లేదు. 1726లో తన వృత్తి సంఘానికి పెద్ద సముద్ర చిత్రాన్ని బహూకరించి, అక్కడ ఉన్నత సభ్యత్వం పొందారు. ఆ సమయానికి పేరు బాగానే ఉంది. కానీ వెర్ట్యూ రాసిన దాన్ని బట్టి, ఆయన ఎక్కువగా వ్యాపారులకు తక్కువ ధరకే చిత్రాలు చేసి ఇచ్చేవారు, చివరిదాకా అంతంతమాత్రంగానే బతికారు. చనిపోయేనాటికి ఎన్నో చిత్రాలు మొదలుపెట్టి సగంలో ఉన్నాయి.

ఆ తరువాతి తరంలో ఆయనను మించిన చార్లెస్ బ్రూకింగ్ కథ ఇంకా బాధాకరం. లీస్టర్ స్క్వేర్ దగ్గరి ఒక వ్యాపారి ఆయన చిత్రాలు కొని, అడుగున ఉన్న సంతకం చెరిపేసి అమ్మేవాడట. చిత్రకారుడెవరో కొనేవారికి తెలిస్తే నేరుగా అతని దగ్గరికే పోతారన్న భయం. అనాథ పిల్లల కోసం నడిచే ఫౌండ్లింగ్ హాస్పిటల్ కోశాధికారి టేలర్ వైట్ ఆయనను వెతికి పట్టుకున్నారు. 1754లో బ్రూకింగ్ ఆ సంస్థ కోసం ఒక భారీ చిత్రాన్ని 18 రోజుల్లో పూర్తి చేశారు. అక్కడ అప్పటికే ఉన్న మొనామీ చిత్రానికి జోడీగా వేసినదది. బ్రూకింగ్ చిత్రం ఇప్పటికీ ఉంది, మొనామీది మాత్రం పోయింది. బ్రూకింగ్ 1759లో, 36 ఏళ్లకే క్షయతో కన్నుమూశారు.

టర్నర్ లాంటి వారితో పోలిస్తే మొనామీ స్థానం ఎక్కడ?

పోల్చకపోవడమే మంచిది. మొనామీ తరువాత వచ్చిన పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్‌కు సముద్రం ఒక శక్తి. మొనామీకి అది మనుషులు రోజూ వెళ్లివచ్చే పనిచోటు. కాకపోతే టర్నర్ కూడా 1801లో వాన్ డ వెల్డా చిత్రానికి జోడీగా తన చిత్రం వేసినవారే. దానివల్ల ఆయన మీద అనుకరణకారుడన్న ముద్ర పడిపోలేదు.

మన తీరానికీ ఈ చిత్రకారులకూ ఏమైనా సంబంధం ఉందా?

మొనామీకి నేరుగా లేదు. ఆయన తరువాతి తరంవాడైన శామ్యూల్ స్కాట్‌కు ఉంది. 1730ల తొలినాళ్లలో లండన్ లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం కోసం స్కాట్, జార్జ్ లాంబర్ట్ కలిసి ఆరు చిత్రాలు వేశారు. మద్రాసు సెయింట్ జార్జి కోట, కలకత్తా కోట, బొంబాయి, తలశేరి, వీటితో పాటు ఓడలు దారిలో ఆగే సెయింట్ హెలీనా, గుడ్ హోప్ అగ్రం. నేలా కట్టడాలూ లాంబర్ట్ వేస్తే, ఓడలూ నీళ్లూ స్కాట్ వేశారు. ఇద్దరిలో ఒక్కరూ భారతదేశం చూడలేదు. ఈ చిత్రాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ సేకరణలో ఉన్నాయి.

తెలుగు పాఠకులు ఆ మద్రాసు చిత్రాన్ని ఓపికగా చూడాలని నా కోరిక. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టి, తరువాత మద్రాసుకు దిగిన కంపెనీ తనను తాను గోడ మీద ఎలా చూసుకోవాలనుకుందో అందులో కనిపిస్తుంది. అలాగే ఆనాటి ఇంగ్లిష్ సముద్ర చిత్రాల్లో ఎరుపు తెలుపు అడ్డచారల జెండా ఎగిరే ఓడ కనిపిస్తే అది కంపెనీ ఓడ అని గుర్తుపెట్టుకోండి. మన తీరపు నేతబట్టలను మోసుకుపోయిన ఓడలు అలాంటివే.

మొనామీ పేరుతో అమ్మకానికి వచ్చే చిత్రాలను నమ్మవచ్చా?

జాగ్రత్త అవసరం. ఆయన పోయాక చాలాకాలం పాటు, 18వ శతాబ్దం తొలి సగానికి చెందిన సంతకం లేని ఓడ చిత్రం ఏది దొరికినా ఆయన పేరు తగిలించేవారు. ఆయన దారిలో నడిచినవారూ ఉన్నారు. ఫ్రాన్సిస్ స్వేన్ వారిలో ఒకరు, కొడుక్కి మొనామీ అనే పేరే పెట్టుకున్నారు. నాసిరకం చిత్రాలెన్నో ఆయన ఖాతాలో పడటం వల్లే ఆయన స్థాయి తక్కువన్న అభిప్రాయం బలపడిందని నేను అనుకుంటాను. సంతకం ఉన్నవాటిని మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే వేరే చిత్రకారుడు కనిపిస్తాడు.

లండన్ వెళ్లలేనివారు ఎక్కడ చూడాలి?

గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియం, టేట్, అమెరికాలోని యేల్ బ్రిటిష్ కళా కేంద్రం, ఈ మూడింటి వెబ్‌సైట్లలో చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. ఫోనులో కాకుండా కంప్యూటర్ తెర మీద చూడండి. ముందు చిత్రం మొత్తాన్ని, తరువాత ఒక్క ఓడనే పెద్దది చేసి, కొయ్యల నుంచి దిగే తాళ్లను ఒక్కొక్కటిగా కిందిదాకా అనుసరించండి. పక్క ట్యాబులో వాన్ డ వెల్డాల్లో కొడుకు వేసిన నిశ్చల సముద్రం ఒకటి తెరిచి ఉంచుకుంటే, ఎవరు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో, ఏం తీసుకోలేదో మీకే తెలుస్తుంది.